మలుపింటి ముందు హారన్

"పెళ్ళికొడుకుని తెచ్చి కటకటాల్లో కూలేసి, నన్ను నెమ్మదిగా మాట్లాడమంటారా? నెమ్మదిగానా? నేనా?"

వెర్నా మోడెస్ట్ గొంతు పోలీస్ స్టేషన్ దాటి, చేపల బజారు దాటి, రేవులో పడవలకు రంగులేస్తున్న వాళ్ళ దాకా వినబడింది. తల నిండా జుట్టుకి చుట్టిన గులాబీరంగు రోలర్లు, ఒంటి మీద పాత గౌను, కాళ్ళకు మాత్రం పెళ్ళికి కొన్న తెల్ల చెప్పులు. కరుస్తాయేమోనని పొద్దున్నించీ తొడుక్కుని తిరుగుతోంది. భర్త పోయాక పన్నెండేళ్ళు ఒంటి చేత్తో చేపలు వేయించి అమ్ముకుని బతికిన మనిషి, ఇవాళ సాయంత్రం నాలుగింటికి మళ్ళీ పెళ్ళికూతురు కాబోతోంది. పరదేశం నుంచి విజిటర్‌గా వచ్చిన కాబోయే మొగుడు విల్లెమ్ ఆమె ఎదురుగానే, ఇనప చువ్వల అవతల బల్ల మీద, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా కూర్చున్నాడు.

"అందరికీ గుడాఫ్టర్నూన్!" అంటూ లోపలికొచ్చింది ఇన్స్పెక్టర్ యులాలీ కడోర్.

ఇల్లు తగలబడుతున్నా సరే, ముందు అందరినీ పలకరించాకే నీళ్ళు అడిగే రకం ఆవిడ. భారీ మనిషి, నవ్వితే భుజాలు కూడా నవ్వుతాయి. ఉత్తరాన ఉన్న చిన్న దీవి నుంచి బదిలీ మీద పాయింట్ సెలెస్ట్ స్టేషనుకు వచ్చి నాలుగు నెలలే అయింది. ఊళ్ళో ఎవరికెవరు ఏమవుతారో ఇంకా పూర్తిగా అంతుపట్టలేదు. వెర్నా కూడా అరుస్తున్నదల్లా ఆగి, "గుడాఫ్టర్నూన్ ఇన్స్పెక్టరమ్మా" అని, మళ్ళీ ఊపిరి పీల్చుకుంది.

"ఆ ఊపిరి కాస్త దాచుకో తల్లీ, చర్చిలో 'సరే'ననడానికి కావాలి. బెల్ఫాన్‌గారూ, మీరు కూర్చున్నది నా కుర్చీ."

కాస్మస్ బెల్ఫాన్ లేవలేదు. రాజధాని నుంచి వచ్చిన ప్రైవేటు డిటెక్టివ్ ఆయన. తెల్ల చొక్కా, గుప్పున కొట్టే అత్తరు, పేపర్లలో నాలుగుసార్లు పడ్డ ఫొటో. పడవ పందేల క్లబ్బు వాళ్ళు ఆయన్ని పిలిపించారు. ఆదివారం పందెంలో గెలిచిన పడవకి ఇవ్వాల్సిన వెండి కప్పు నిన్న మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి క్లబ్బు గదిలోంచి మాయమైంది. అందరూ ఒడ్డున పడవల దగ్గరుండగా ఎవడో వెనక కిటికీ తీసి దూరాడు. ఇవాళ తెల్లారేసరికి బెల్ఫాన్ దొంగ వీడేనని విల్లెమ్‌ని చూపించేశాడు. రాజధాని నుంచి పెద్దసారు ఫోన్ చేసి, కప్పు దొరికేదాకా ఆ విజిటర్ని వదలొద్దని యులాలీకి గట్టిగా చెప్పాడు.

"ఇందులో విచారించడానికేం మిగల్లేదు ఇన్స్పెక్టర్‌గారూ," అన్నాడు బెల్ఫాన్ గోళ్ళు చూసుకుంటూ. "ముఖం దాచేలా గడ్డి టోపీ, నల్ల కళ్ళద్దాలు, పసుపుపచ్చ అద్దె కారు. నంబరు పలక మీద అద్దెబండి గుర్తు కూడా వాచ్‌మన్ చూశాడు. ఈ ఊళ్ళో పసుపు అద్దె కారు ఒక్కటే. అది ఈయనది. ఇక కప్పంటారా, సాయంత్రానికల్లా మీ బల్ల మీదుంటుంది. నాదీ పూచీ."

"అబ్బో! దేవుడు కూడా అంత గట్టిగా పూచీ పడడు," అని యులాలీ ఇంకో కుర్చీ లాక్కుని చువ్వల దగ్గర కూర్చుంది. "విల్లెమ్‌గారూ, నిన్న ఒంటిగంటన్నరకి ఎక్కడున్నారు?"

"బస్సులో ఉన్నానండీ."

"ఎక్కడికి?"

"మూలెన్ ఊరికి. దర్జీ దగ్గర నా పెళ్ళి కోటు ఉంది. అంత దూరం కారు నడపాలంటే నాకు భయం."

"మూలెన్ ఇక్కణ్ణుంచి పావుగంట. దర్జీ మీరు మూడున్నరకి వచ్చారంటున్నాడు. పన్నెండున్నరకి బస్సెక్కి మూడున్నర దాకా ఏం చేశారు?"

విల్లెమ్ చెవులు ఎర్రగా అయిపోయాయి. వెర్నా వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "బస్సులోనే ఉన్నానండీ," అన్నాడు మళ్ళీ.

"మూడు గంటలా?"

"దిగలేకపోయాను."

కానిస్టేబుల్ ఫెరాన్ రాసుకుంటున్నవాడల్లా తలెత్తాడు.

"గంట తాడు కోసం వెతికాను. లేదు. బొత్తాం కోసం వెతికాను. సీటు కింద కూడా వెతికాను, అక్కడెవరిదో కోడి ఉంది," అన్నాడు విల్లెమ్ దీనంగా. "'దయచేసి ఆపండి' అన్నాను. పాట గట్టిగా మోగుతోంది, ఎవరికీ వినపడలేదు. మూలెన్ వెళ్ళిపోయింది. రాజధాని దాకా పోయాను. తిరుగు బస్సు కూడా అదే, ఊదారంగుది. మళ్ళీ మూలెన్ వచ్చింది, మళ్ళీ వెళ్ళిపోయింది. ఇక్కడికే వచ్చేశాను. మూడోసారి ఎవరో పెద్దావిడ మూలెన్‌లో దిగుతుంటే ఆవిడ వెనకే దూకేశాను."

ముందు ఫెరాన్ పక్కున నవ్వాడు. తర్వాత తలుపు దగ్గర గుమిగూడిన చేపల ఆడవాళ్ళు. యులాలీ భుజాలు కదిలిపోతున్నాయి.

"తట్టాలండీ!" అన్నాడు ఫెరాన్ కళ్ళు తుడుచుకుంటూ. "పైకప్పు మీద ఠకఠకా తట్టాలి. డ్రైవరు పాటలో మునిగున్నా, ప్రేమలో మునిగున్నా, ఆ ఠకఠక వినబడితే బ్రేకు మీద కాలు పడుతుంది." అంటూ బల్ల మీద తట్టి చూపించాడు. చేపల ఆడవాళ్ళంతా తలుపు మీద తట్టారు. విల్లెమ్ చాలా శ్రద్ధగా విని, తను కూర్చున్న బల్ల మీద వేలి కణుపులతో రెండుసార్లు తట్టి, సరిగ్గా ఉందా అన్నట్టు చూశాడు.

"ఓరి నా పిచ్చి మారాజా!" అంది వెర్నా. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. "రాత్రి అన్నం ముందు కూర్చుని ఒక్క ముక్కయినా చెప్పలేదేం?"

"సిగ్గేసింది వెర్నా. నలభై ఏళ్ళు మా ఊళ్ళో ట్రాము నడిపినవాణ్ణి. బండి ఆపించుకోవడం రాలేదని నీకెలా చెప్పను?"

ఊదారంగు బస్సంటే దీవి మొత్తానికీ ఒకటే, కెల్లాన్ నడిపే 'పేషెన్స్'. యులాలీ అక్కడికక్కడే ఫోన్ కలిపింది. పాటల హోరులోంచి కెల్లాన్ విరగబడి నవ్వాడు. "ఆ పొడుగాయనా? సీటు సీటుకీ గుడాఫ్టర్నూన్ చెప్పి, ఊరంతా తిరిగి మళ్ళీ నా బస్సులోనే తేలాడు! రాజధాని చూడ్డం అంత ఇష్టం కాబోలనుకున్నాను. ఇప్పుడు నేను పెళ్ళివాళ్ళనేసుకుని అటే వస్తున్నానమ్మా, రెండున్నరకల్లా మీ ఊళ్ళో ఉంటాం."

"విన్నారుగా బెల్ఫాన్‌గారూ?"

"విన్నాను. కెల్లాన్ పెళ్ళికూతురికి ఏమవుతాడో అది కూడా వినండి."

వెర్నా మొహం మాడిపోయింది. "మా పిన్ని కొడుకు," అంది చిన్నగా.

"అదీ సంగతి! అక్క పెళ్ళి కోసం తమ్ముడు సూర్యుడు పడమట పొడిచాడని కూడా చెప్తాడు. ఇలాంటి సాక్ష్యం చూపిస్తే పెద్దసారు నవ్వుతారు."

మాట నిజమే. ఇంత చిన్న దీవిలో చుట్టం కాని సాక్షిని పట్టుకురావాలంటే సముద్రంలోకి వల వెయ్యాల్సిందే. యులాలీ గోడ గడియారం వంక చూసింది. ఒంటిగంట దాటింది. పెళ్ళికి మూడు గంటల్లోపే ఉంది. పెళ్ళి జరిపించే ఫాదర్‌గారు సాయంత్రం పడవకి పక్క దీవికి వెళ్ళిపోతారు, మళ్ళీ నెల దాటితే గాని రారు. విజిటర్‌గా దీవిలో ఉండడానికి విల్లెమ్‌కి ఇచ్చిన గడువు వచ్చే గురువారంతో సరి. ఈ పూట తప్పితే వాళ్ళిద్దరి మధ్యా మళ్ళీ సముద్రమే.

"వాచ్‌మన్ థియోని పిలు," అంది ఫెరాన్‌తో.

థియో బయటే ఉన్నాడు, వేయించిన బేక్ రొట్టె నములుతూ. నిజాయితీపరుడు, చూసింది చెప్తాడు, చూడనిది అడిగినా చెప్పడు.

"కారు క్లబ్బు గేటులోంచి ఎలా బయటికొచ్చింది థియో?"

"శుభ్రంగా వచ్చిందమ్మా. ఆగాడు. అటూ ఇటూ చూశాడు. ఎడమకి సిగ్నల్ దీపం వేశాడు. రాజధాని వైపు తిరిగాడు. బేకరీ వాళ్ళ వ్యాను మెల్లగా పోతుంటే దాన్ని దాటేసి మరీ పోయాడు."

యులాలీ చేతిలో గాజు గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. "ఎడమకి సిగ్నల్ దీపం. నీ కళ్ళతో చూశావా?"

"మా అమ్మ మీద ఒట్టు."

"ఫెరాన్! ఆ చువ్వల తలుపు తియ్యి. విల్లెమ్‌గారూ, రండి, కాస్త కారు నడుపుదురుగాని."

పసుపు కారు స్టేషను పెరట్లోనే ఉంది. బెల్ఫాన్ విసుక్కుంటూ వెనకే వచ్చాడు. ముందు యులాలీ ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా చుట్టూ తిరిగి చూసింది. లోపల, స్టీరింగు చక్రం ఎదురుగా, 'ఎడమ! ఎడమ!' అని పెద్ద అక్షరాలతో రాసి బాణం గీసిన కాగితం అతికించి ఉంది. విల్లెమ్ పుట్టిన దేశంలో బండ్లన్నీ కుడి పక్కన పోతాయి మరి. ముందు అద్దం దగ్గర ఆగి, వంగి, వెలుతురుకి తల అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడ పెదాల మీద నవ్వు మెల్లగా పాకింది.

"ఎక్కండి. పెరడు చుట్టూ ఒక చుట్టు. ఆ కొబ్బరిచెట్టు దగ్గర ఎడమకి తిరగండి."

విల్లెమ్ చక్రాన్ని రెండు చేతులా కరుచుకున్నాడు. కారు నత్తనడకన కదిలింది. కొబ్బరిచెట్టు వచ్చింది. సిగ్నల్ వెయ్యాలని విల్లెమ్ పుల్ల నొక్కాడు. మబ్బు తునక లేని మిట్టమధ్యాహ్నం, ఫెళ్ళున కాస్తున్న ఎండలో, అద్దం తుడిచే చేతులు కిర్రు కిర్రుమని అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాయి.

పెరడంతా గొల్లుమంది.

"వానొస్తోంది, వానొస్తోంది! బట్టలు తీసెయ్యండర్రా!" అని అరిచింది ఒక చేపలావిడ. మూడు వారాలుగా ఊళ్ళో పిల్లాజెల్లా ఆ కారు తిరిగినప్పుడల్లా అరుస్తున్న అరుపే అది.

"మా దేశపు బండిలో సిగ్నల్ పుల్ల ఎడమ చేతి వైపు ఉంటుందండీ," అన్నాడు విల్లెమ్ సిగ్గుపడుతూ. "ఇక్కడ అటుపక్కది తుడిచేది. చేతికి పాత అలవాటు పోవడం లేదు."

"ఇంకొకటి అడుగుతాను. మీరిక్కడ ఎన్ని బండ్లను దాటారు?"

"దాటడమా?" విల్లెమ్ భయపడిపోయాడు. "ట్రాము దేన్నీ దాటదండీ. ముందున్నది కదిలేదాకా ఆగుతాం."

బెల్ఫాన్ మెల్లగా చప్పట్లు కొట్టాడు. "బాగుంది నాటకం. ఎదురుగా పోలీసులుంటే నేను కూడా తుడుపుపుల్లే నొక్కుతాను."

"మీరు నొక్కుతారు, అద్దం నొక్కదుగా? ఇలా వచ్చి చూడండి." యులాలీ వేలితో చూపించింది. ఉప్పుగాలికి పట్టిన సన్నటి ఇసక మీద, పొడి రబ్బరు ఊగి ఊగి, అద్దానికి విసనకర్రల్లా గీతలు పడ్డాయి. "ఇవి ఇవాళ పడ్డవి కావు. మూడు వారాలు వాన లేకుండా తుడిస్తే పడ్డవి. నిన్న ఈ కారు తోలినవాడు పుల్ల తడుముకోలేదు, వ్యానుని దాటాడు. వాడు విజిటర్ కాదు, విజిటర్ వేషం వేసిన మనవాడు. తాళంచెవి ఈయన దిగిన గెస్ట్‌హౌస్ వసారాలో మేకుకి వేలాడుతుంటుంది. తీసుకెళ్ళి తెచ్చి పెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు."

బెల్ఫాన్ ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే సర్దుకున్నాడు. "పెద్దసారు అడిగింది కప్పుని, అద్దాన్ని కాదు."

"అయితే కప్పు దారే పడదాం. కారు రాజధాని రోడ్డు పట్టింది. ఆ దారిలో వంతెనకి ముందు, మలుపులో ఒకే ఇల్లుంది కదా? ఎవరో పెద్దావిడ రోజంతా వసారాలోనే ఉంటుందట. అడిగారా ఆవిణ్ణి?"

"క్లోటిల్డానా? దండగ," అన్నాడు బెల్ఫాన్ చెయ్యి ఊపేస్తూ. "ముసలావిడ. కళ్ళకి పొరలు. గుమ్మంలో ఏనుగు నిలబడ్డా ఆనదు. మీకు టైం ఎక్కువైతే వెళ్ళండి."

యులాలీ వెళ్ళింది.

క్లోటిల్డా వసారాలో కూర్చుని పచ్చి అరటికాయలు చెక్కు తీస్తోంది. పలకరింపులయ్యాయి, మోకాళ్ళ నొప్పుల సంగతయింది, కోకో టీ వచ్చింది. అవి కాకుండా అసలు మాటెత్తితే మర్యాద కాదు. ఇంతలో కొండ మలుపు అవతల ఎక్కడో పీఈప్ అని వినబడింది. పెద్దావిడ చెక్కు తీసే చెయ్యి ఆపకుండా రెండో చెయ్యి పైకెత్తి ఊపింది. అప్పుడొచ్చింది బండి కంటికి.

"ఫాదర్‌గారు," అంది. "ఒక్కటే పొడుగ్గా కొడతాడు, ప్రార్థనలాగ. బేకరీ వాడు మూడు పొట్టివి. కెల్లాన్‌గాడైతే పాటే వాయిస్తాడు, వెధవ. ఇది గుడ్డి మలుపు కదమ్మాయ్, అందరూ ఒకసారి హారన్ కొట్టక తప్పదు. నేను చేతులమీద మోసిన పిల్లలు మాత్రం రెండోసారి కొడతారు, నాకోసం. ఎవరి హారన్ వాళ్ళదే. ఇంటిముందు నెన్నెన్ కూర్చుని ఉంటే కొట్టకుండా పోయేవాడు ఈ దీవిలో ఇంకా పుట్టలేదు."

బాప్తిస్మం రోజున చంటిబిడ్డను చేతుల్లోకి తీసుకున్న జ్ఞానతల్లిని ఇక్కడ నెన్నెన్ అంటారు. కన్నతల్లి కొట్టినా పడతారు గాని నెన్నెన్ అలిగితే ఓర్వలేరు.

"ఎంతమంది నెన్నెన్ మీకు పిల్లలు?"

"పద్నాలుగురు!" అంది గర్వంగా. "కొందరు ఆదివారం ఆదివారం వస్తారు. కొందరు పెద్దవాళ్ళయిపోయారు, పేర్లు మోగుతున్నాయి, ఏడాదిన్నరయింది గడప తొక్కి. పోన్లే, హారన్ అయినా కొట్టి పోతారు."

"నిన్న మధ్యాహ్నం పసుపు కారొకటి పోయింది చూశారా?"

"చూడకేం? గడ్డి టోపీవాడు. చెయ్యి కూడా ఊపాను."

"ఎవరో విజిటర్‌కి చెయ్యి ఊపారా?"

"నాకు హారన్ కొట్టినవాడికి నేను చెయ్యి ఊపనా ఏంటి..." అని సగంలో ఆగిపోయింది పెద్దావిడ. కత్తి కూడా ఆగింది. అరటికాయ వంక చూస్తూ, "ఏమో అమ్మాయ్. హారన్ కొట్టలేదేమో. చెవులు పోయాయి నాకు," అంది.

ఇప్పుడే కదా, కొండ అవతలి హారన్‌ని విని చెయ్యెత్తింది! యులాలీ టీ కప్పు ఖాళీ చేసి, నెమ్మదిగా అడిగింది. "కళ్ళు బాగానే కనిపిస్తున్నాయి కదా నెన్నెన్?"

"కళ్ళకేం? నిరుడు ఆపరేషను చేశారు. అంతకు ముందు నా అరచెయ్యి నాకు ఆనేది కాదు. ఇప్పుడు పడవల మీద పేర్లు కూడా చదువుతాను."

ఆ మాట వినగానే యులాలీకి లోపల దీపం వెలిగినట్టయింది. గుమ్మంలో ఏనుగు నిలబడ్డా ఆనదన్న మనిషికి, ఈవిడకి ఒకప్పుడు కళ్ళకి పొరలుండేవని తెలుసు. ఆపరేషను అయిందని మాత్రం తెలియదు. అంటే ఈ ఇంటికి అయినవాడే. ఏడాదిన్నరగా గడప తొక్కనివాడు. సాయంత్రానికి కప్పు దొరుకుతుందని దేవుడికంటే గట్టిగా పూచీ పడ్డవాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నిజమే, కానీ ఈశ్వరుడికి ఇలాంటి మలుపిల్లు దొరికి ఉండదు.

పెద్దావిణ్ణి గుచ్చి గుచ్చి అడగొచ్చు. పోలీసుకి ఆ హక్కుంది. కానీ చేతులమీద మోసిన బిడ్డ పేరు ఆవిడ నోటితో చెప్పించడం యులాలీకి మనసొప్పలేదు. తనకీ ఒక నెన్నెన్ ఉంది, ఉత్తరాన చిన్న దీవిలో.

లేచి పెరట్లోకి వెళ్ళి రెండు ఫోన్లు చేసింది. మొదటిది కెల్లాన్‌కి. రెండోది బెల్ఫాన్‌కి.

"బెల్ఫాన్‌గారూ, ఓడిపోయాను. అద్దం గొడవ పెద్దసారుకి ఎక్కలేదు," అంది గొంతు నీరసంగా పెట్టి. "ఆయనే స్వయంగా వస్తున్నారు. ఊళ్ళోకి రారట, వంతెన దగ్గర మీతో మాట్లాడి, కేసు మొత్తం మీ చేతిలో పెడతారట. రెండుంపావుకి అక్కడుండండి. ఒక్క మాట. మలుపింటి దగ్గర చప్పుడు చెయ్యకండి. హారన్ కూడా వద్దు. ముసలావిడ అసలే అనుమానపు మనిషి, మీ బండి ఆపి పదిమందినీ పోగు చేస్తుంది."

"హారన్ కొట్టడానికి నేనేమైనా బస్సు డ్రైవర్నా?" అని నవ్వాడు బెల్ఫాన్. గెలిచినవాడి నవ్వు.

యులాలీ వచ్చి నెన్నెన్ పక్కన పీట మీద కూర్చుంది. ఒక అరటికాయ అందుకుని తనూ చెక్కు తీయసాగింది. చెట్టు మీద పిట్టలు అరుస్తున్నాయి. యులాలీకి మళ్ళీ పెళ్ళి ఆలోచనొచ్చింది. కొట్టకపోతే? జాగ్రత్తగా, మౌనంగా పోతే? అప్పుడు తన దగ్గర ఉన్నది గీతలు పడ్డ అద్దమొక్కటే. వెర్నా రోలర్లు విప్పుకుని, ఆ తెల్ల చెప్పులు మళ్ళీ డబ్బాలో పెట్టుకోవాల్సిందే.

ఇంజను చప్పుడు. తెల్ల జీపు కొండ మలుపు తిరిగింది. మలుపులో ఎవరైనా కొట్టే హారన్ కూడా కొట్టలేదు. బెల్ఫాన్ తిన్నగా ముందుకే చూస్తున్నాడు. చెప్పిన మాట తూచా తప్పకుండా పాటిస్తున్నాడు. జీపు ఇంటి ఎదురుగా వచ్చింది. దాటుతోంది. దాటేసింది.

పీప్ పీప్, పీఈఈప్.

నెన్నెన్ చెయ్యి గాల్లోకి లేచింది. ఆవిడ లేపలేదు, అదే లేచింది. సగం ఊగి, అక్కడే నిలిచిపోయింది. ఆవిడ యులాలీ వంక చూసింది. యులాలీ ఆవిడ వంక చూసింది.

"నిన్నటిదీ ఇదేనా నెన్నెన్?"

పెద్దావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి ఒళ్ళోకి దించుకుంది. "పొట్టివి రెండు, పొడుగు ఒకటి. వాడికి మొదటి సైకిలు నేనే కొన్నానమ్మాయ్. అప్పుడు దాని గంట అలాగే కొట్టేవాడు," అంది.

వంతెన వైపు నుంచి టైర్లు కీచుమన్నాయి. వెంటనే పాటల హోరు, ఆడవాళ్ళ కేకలు. యులాలీ పరుగెత్తింది. ఆ శరీరంతో ఆవిడ పరుగు చూడాల్సిందే. వంతెన మీద ఊదారంగు 'పేషెన్స్' అడ్డంగా నిలబడి ఉంది. కిటికీల నిండా పెళ్ళి టోపీలు, ఒళ్ళో పెళ్ళి కేకు పెట్టుకున్న పెద్దమ్మలు, బాకా వాయించేవాళ్ళు. ఎదురుగా జీపు. వెనక్కి తిప్పడానికి దారి లేదు. కెల్లాన్ అప్పుడే దిగి జీపు వెనక తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దారి తియ్యమను!" బెల్ఫాన్ అరిచాడు. "పెద్దసారేరీ?"

"పెద్దసారు రారు. మీరు హారన్ కొట్టారు."

"కొట్టలేదు!"

"కొట్టారు. బస్సులో ఇరవైమంది విన్నారు. నిన్న కూడా కొట్టారు, అద్దె కారులోంచి, గడ్డి టోపీ పెట్టుకుని. కెల్లాన్, వెనక సీటు ఎత్తు."

సీటు కింద టోపీ ఉంది. టోపీలో చుట్టిన తువ్వాలు. తువ్వాల్లో వెండి కప్పు ఎండకి ధగధగలాడింది. నాలుగింటికి చర్చి ముందు, పెళ్ళివారందరి ఎదుట, పెళ్ళికొడుకు సామాన్లలో దొరికిందంటూ చూపించాలని దాచి ఉంచాడు. పేపరు వాళ్ళకి కూడా కబురుపెట్టాడట. ఐదోసారి ఫొటో పడేది. పెద్దమ్మలు ఒక్కసారిగా "హమ్మ హమ్మ!" అన్నారు. ఒళ్ళో కేకులుండబట్టి సరిపోయింది గాని లేకపోతే బెల్ఫాన్‌కి ఆ రోజే ఆఖరు.

యులాలీ స్టేషనుకు ఫోన్ చేసింది. "ఫెరాన్, పెళ్ళికొడుకుని వదిలెయ్యి. కోటు తొడిగి చర్చికి పంపు." అవతల వెర్నా వేసిన కేక ఫోనులోంచి కాదు, ఊళ్ళోంచే తిన్నగా వినబడిందని కెల్లాన్ ఇప్పటికీ చెప్తాడు. ఆ వెనకే ఠకఠక, ఠకఠక అని చప్పుడు. విల్లెమ్ చువ్వల తలుపు మీద తడుతున్నాడట, ఆపమని కాదు, తియ్యమని.

జనం పక్కకి జరిగారు. క్లోటిల్డా కర్ర పోటు వేసుకుంటూ వంతెన దాకా వచ్చింది. జీపు కిటికీ దగ్గర ఆగింది. బెల్ఫాన్ ఇంకా చక్రం ముందే కూర్చుని ఉన్నాడు. అత్తరు, తెల్ల చొక్కా, పేపర్లో ఫొటోలు అన్నీ ఎక్కడికి పోయాయో. ఆవిడ కిటికీలోంచి చెయ్యి పెట్టి వాడి చెవి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"ఒరే కాస్మస్. ఆ ఒక్క హారన్ కొట్టకుండా పోయుంటే దొరికేవాడివి కాదు కదరా, వెర్రి వెధవా!"

బెల్ఫాన్ తల దించుకున్నాడు.

"నువ్వక్కడ కూర్చుని ఉన్నావు కదా నెన్నెన్," అన్నాడు. "కొట్టకుండా ఎలా పోతాను?"